కనుబొమల్లేని సాక్షి

అబద్ధం చెప్పేవాడి కళ్లలోకి చూస్తే లాభం లేదు, కనుబొమలు చూడాలి. ఇది జలగ ఇరవై ఏళ్లుగా నమ్ముకున్న సూత్రం. అందుకే ఆ మధ్యాహ్నం రెండూ పదికి లాండ్రీ లోపలిగదిలో తన ఎదురుగా కూర్చున్న సాక్షిని చూడగానే అతనికి నీరసం వచ్చేసింది.

సాక్షికి కనుబొమల్లేవు.

పూర్తిగా లేకపోయినా బాగుండేది. ఉండాల్సిన చోట ఎవరో నల్ల పెన్సిలుతో రెండు గీతలు గీశారు. ఎడమది ఆశ్చర్యపోయి నుదుటి మీదికి ఎక్కింది. కుడిది మండిపడుతూ ముక్కు దూలం మీదికి దిగింది. ఆ మొహం చూసి మనిషి భయపడుతున్నాడో, బుకాయిస్తున్నాడో, ఆకలితో ఉన్నాడో చెప్పడం ఎవరి తరమూ కాదు.

"ఏమిటండీ ఇవి?" అన్నాడు జలగ.

"మా ఆవిడ గీస్తుందండీ. బోసిమొహంతో కౌంటర్లో కూర్చుంటే, ఇచ్చిన బట్టలు వెనక్కి తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు జడుసుకుంటున్నారని."

"మరి ఒకటి పైకీ ఒకటి కిందికీ..."

"ఇవాళ కాస్త కోపంలో ఉందండి."

ప్రైవేటు డిటెక్టివుల్లో జలగకి ఆ పేరు ఊరికే రాలేదు. కేసు పట్టుకున్నాడంటే ఉప్పు చల్లినా వదలడు. ఈసారి పట్టుకున్నది నీళ్ల కేసు. లాండ్రీ యజమానురాలు ముప్పై ఏళ్లుగా పెరట్లో ఉన్న సొంత బావినీళ్లతో ఊరందరి మురికీ వదిలిస్తోంది. అయిదు నెలల కిందట, అక్కడికి అర కిలోమీటరు దూరంలో ఒక కంపెనీ గ్యాసు కోసం నేలలోకి డ్రిల్లింగు మొదలుపెట్టింది. మూడు నెలలు తిరిగేసరికి బావినీళ్లు సోడాలా బుసబుసమనడం మొదలైంది. పోయిన నెల ఇరవయ్యో తారీఖు సాయంత్రం బావిగదిలో ఒక్కసారి భగ్గుమంది. యజమానురాలి మొగుడి కనుబొమలూ, రెప్పల వెంట్రుకలూ, కుడిచేతి చర్మం సగమూ పోయాయి. లాండ్రీ మూతబడింది.

కంపెనీ ఏమంటుంది? "మీ బావిలో గ్యాసు మేం రాకముందే ఉంది" అంటుంది. అనడమే కాదు, కాగితం చూపిస్తోంది. డ్రిల్లింగు మొదలవడానికి రెండు రోజుల ముందు ఆ బావినీళ్లు పరీక్ష చేశామనీ, అప్పటికే గ్యాసు కలిసి ఉందనీ, దగ్గరుండి చూసినవాడు ఈ మొగుడుగారేననీ. కింద సంతకం.

మర్నాడు పదకొండింటికి విచారణ. ఆ కాగితం నిలబడితే లాండ్రీ పడిపోయినట్టే.

"సరే, మొదటినుంచీ వద్దాం" అన్నాడు జలగ, ఆ గీతల వంక చూడకుండా మొగుడుగారి చెవుల వంక చూస్తూ. "ఇరవయ్యో తారీఖు సాయంత్రం బావిగదిలోకి ఎన్నింటికి వెళ్లారు?"

"ఆరూ ఇరవై అయిదండీ."

"మంట ఎన్నింటికి వచ్చింది?"

"ఆరున్నరకండీ. బల్బు వేశాను, భగ్గుమంది."

"బల్బు వెయ్యడానికి అయిదు నిమిషాలు పట్టిందా?"

"చీకటి కదండీ. స్విచ్చి వెతుక్కున్నాను."

"ఆ స్విచ్చి ఎన్నాళ్లబట్టి అక్కడుంది?"

"పద్దెనిమిదేళ్లు..." అని మొగుడుగారు నీళ్లు నమిలాడు.

"ఈ ఇంట్లో నీళ్లు నమలకు నాయనా, కడుపు ఉబ్బుతుంది" అంది మూలనుంచి ఒక గొంతు.

ఆ గొంతు జలగ వదినది. పెద్దన్నయ్య భార్య. నీళ్ల పరీక్షశాలలో ఇరవై ఆరేళ్లు సీసాలు కడిగి, నింపి, లెక్కగట్టి పోయిన ఏడాదే పదవీ విరమణ చేసింది. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే అన్నయ్య తాగే ప్రతి గ్లాసూ వెలుతురుకి పెట్టి చూస్తోందని, ఆయనే తమ్ముణ్ణి బతిమాలి ఈ కేసులోకి తోసేశాడు.

జలగ జేబులోంచి కంపెనీ కాగితం నకలు తీశాడు. "ఈ సంతకం మీదేనా?"

"నాదేనండీ."

"అయిదు నెలల కిందట పన్నెండో తారీఖు, పొద్దున్న పదకొండూ పదికి, కంపెనీ మనిషి వచ్చి నీళ్లు పట్టుకెళ్లాడు. మీరు దగ్గరున్నారు."

"ఉన్నానండీ."

"మరి మీ ఆవిడకి ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

"మర్చిపోయానండీ."

గుమ్మంలో నిలబడ్డ యజమానురాలు ఆ మాటకి ఆగలేకపోయింది. భారీ మనిషి. ముప్పై ఏళ్లు దుప్పట్లు పిండిన చేతులు నడుం మీద పెట్టుకుంది. "ఈయన మర్చిపోవడమా! మా పెళ్లిరోజున మా మేనమామ ఈయన్ని 'కాస్త పొట్టి' అన్నాడని ఇప్పటికీ నెలకోసారి గుర్తుచేస్తాడు తమ్ముడూ. ఆ మామయ్య పోయి పదేళ్లయింది కూడాను."

మొగుడుగారి నుదుటి మీద చెమట పట్టింది. కుడి కనుబొమ కొస కొద్దిగా కరిగి చెంప వైపు జారింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారు. ఈయన కనుబొమలు తడుముకున్నాడు, దాంతో అది ఇంకా అలుక్కుపోయింది.

జలగకి ప్రాణం లేచొచ్చింది. గీసిన కనుబొమలైతేనేం, ఇవీ పనిచేస్తాయి.

"పద వదినా, బావి చూద్దాం" అన్నాడు.

బావిగది పెరట్లో ఉంది. ఒంటిరెక్క కిటికీ ఒకటి, తలుపు ఒకటి. వదిన ఒకటిన్నరకే వచ్చి రెండూ బార్లా తెరిపించింది. మంట తర్వాత ఎలక్ట్రీషియను స్విచ్చిని గది బయటి గోడకి మార్చాడు. అదొక్కటే ఈ ఇంట్లో ఎవరో బుర్రపెట్టి చేసిన పని అని వదిన అభిప్రాయం.

గుమ్మం దగ్గర జలగ ఆగి, కళ్లు మూసుకుని, నిపుణుడిలా గాలి పీల్చాడు. ఒకసారి. రెండుసార్లు.

"ఏమిటి చేస్తున్నావు మరిదీ?"

"గ్యాసు వాసన వస్తోందేమోనని."

"దానికి వాసనుండదు, రంగుండదు, సిగ్గుండదు. వంటింటి సిలిండరులో వచ్చేది కంపెనీవాళ్లు కలిపిన వాసన. నేలలోంచి వచ్చేదానికి ఎవడు కలుపుతాడు? తప్పుకో."

వదిన చేతిలో సబ్బుపెట్టెంత యంత్రం ఒకటి ఉంది. గాలిలో గ్యాసుంటే అరుస్తుంది. గదిలో అరవలేదు. బావి మీది చెక్కమూత జానెడు జరిపి లోపలికి దించగానే పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. వదిన మూత వేసి, అంకె రాసుకుని, బయటికొచ్చి మోటారు వేసింది.

"ఎంతసేపు?" అన్నాడు జలగ.

"ఇరవై నిమిషాలు. పైపులో నిలవున్న నీళ్లు పోవాలి. అసలు బావినీళ్లు రావాలి."

"అంతసేపు ఏం చెయ్యాలి?"

"నోరు మూసుకుని గోడలు చూడు. డిటెక్టివువి కదా."

చూశాడు. గోడలకి మసి. దూలం ఒకవైపు బొగ్గయింది. గోడలోంచి వచ్చిన పైపుకి ఒక ఇత్తడి కుళాయి, మొహం చూసుకోవచ్చు, అంత మెరుస్తోంది. పైపు చుట్టూ సిమెంటు ఇంకా కొత్తగా కనబడుతోంది. సరిగ్గా దాని కింద, నేల మీద, కొవ్వొత్తి కరిగి గడ్డకట్టినట్టు నల్లటి ముద్ద ఒకటి అంటుకుని ఉంది. జలగ చాకుతో గీకి చూశాడు. ప్లాస్టిక్.

"అక్కా, ఈ కుళాయి ఎప్పటిది?" అని వెనకే వచ్చిన యజమానురాలిని అడిగాడు.

"కొత్తది తమ్ముడూ. పాతది ప్లాస్టిక్‌ది, మంటలో కరిగిపోయింది. మంటయిన రెండోరోజు, ఇరవైరెండున, ప్లంబరు వచ్చి ఇది బిగించాడు. ప్లాస్టిక్ ఇంక వద్దన్నాను."

జలగ ప్లంబరుకి ఫోన్ చేసి తారీఖు అడిగి రాసుకున్నాడు. ఆ తర్వాత కంపెనీ కాగితం నకలు మళ్లీ తీసి, ఒక వరుస కింద గోటితో గీత పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. జలగ ఈల వేస్తున్నాడంటే ఏదో దొరికిందన్నమాట. వేశాడు.

ఇరవై నిమిషాలయ్యాక వదిన బకెట్టు నింపింది. సీసాని బకెట్టు నీళ్లలో ముంచి, నీళ్లలోనే తలకిందులు చేసి, గొట్టంతో నింపి, నీళ్లలోనే మూత బిగించింది. పైకి తీసి తలకిందులుగా పట్టుకుని చూసింది. ఒక్క బుడగ లేదు. "బుడగుంటే గ్యాసు అందులోకి పారిపోతుంది. అప్పుడు పరీక్ష చేసేది నీళ్లని కాదు, మన బుద్ధిని" అంది. సీసా మీద తారీఖు, టైము, చోటు రాసింది. రెండూ యాభై రెండు. ఐసుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది.

"అద్భుతం! అచ్చం నిజమైన ప్రయోగశాల లాగే ఉంది!" అంటూ వెనకనుంచి చప్పట్లు వినిపించాయి.

తిరక్కుండానే జలగకి ఒళ్లు మండింది. ఆ చప్పట్లు అతనికి తెలుసు. మడతపేచీ.

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే డిటెక్టివ్ ఏజెన్సీ. తొమ్మిదేళ్ల కిందట ఒక సోమవారం జలగ ఆఫీసుకెళ్లేసరికి మడతపేచీ లేడు, ఫైళ్లు లేవు, గోడమీది బోర్డు కూడా లేదు. ఇప్పుడు గ్యాసు కంపెనీ తరపున పరిశోధకుడు. ఒంటి మీద సూటు మడత నలగదు, మాటల్లో పేచీ తెగదు. రెంటికీ కలిపి ఆ పేరు పెట్టింది జలగే.

"ఏం జలగా, నీళ్లలోకి దిగావు? నీ స్థానం అదేలే."

"అవును. నువ్వు గట్టు మీద ఎవరి బట్టలు ఎత్తుకుపోదామా అని చూస్తూ ఉండు."

"రేపు విచారణలో చెప్పు ఈ జోకులు. మా దగ్గర కాగితం ఉంది. అయిదు నెలల కిందటిది. మీరు ఇవాళ ఎన్ని సీసాలు నింపినా, గ్యాసు ఉందనేగా తేలేది? ఉందని మేమూ అంటున్నాం. ముందునుంచీ ఉంది."

"ఆ కాగితం గురించే" అన్నాడు జలగ మెల్లగా. "నీళ్లు పట్టిన చోటు ఏమని రాసుంది?"

"బావిగది."

"ఆ పక్కన?"

మడతపేచీ తన ఫైలు తెరిచాడు. "బావిగది, ఇత్తడి కుళాయి. అయితే?"

"అయిదు నెలల కిందట ఇక్కడున్నది ప్లాస్టిక్ కుళాయి. అదిగో, నేల మీద దాని శవం. ఇత్తడిది వచ్చింది పోయిన నెల ఇరవైరెండున. ప్లంబరు సాక్షి. లేని కుళాయి కింద సీసా ఎలా పెట్టారు?"

మడతపేచీ కోటు దులుపుకున్నాడు. "ఓస్, ఇంతేనా? రాసేవాడి చేతి అలవాటు. కుళాయనగానే ఇత్తడి అని రాసేశాడు. తారీఖు సరైనదే, సంతకం సరైనదే. సాక్షి ఒప్పుకుంటున్నాడు. ఏమండీ, ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నానండీ" అన్నాడు మొగుడుగారు గుమ్మంలోంచి. ఈసారి ఎడమ కనుబొమ కంటిదాకా దిగింది.

"చూశావా?"

"చూస్తున్నా" అన్నాడు జలగ. కలం తీసి, ఒక ఖాళీ కాగితం మొగుడుగారి ముందు పెట్టాడు. "ఒక సంతకం చెయ్యండి. ఊరికే."

మొగుడుగారు కుడిచేత్తో సంతకం పెట్టాడు. గుండ్రంగా, ముందుకి వాలి, ముచ్చటగా ఉంది. జలగ దాన్ని తీసుకెళ్లి మడతపేచీ ఫైల్లోని అసలు కాగితం పక్కన పట్టుకున్నాడు. దాని మీది సంతకం వెనక్కి వాలి, వంకర్లు తిరిగి, ఎండలో ఆరేసిన వానపాములా ఉంది. పైగా సిరా మొదటి అక్షరంనుంచి చివరిదాకా అలుక్కుపోయి ఉంది.

"కుడిచేత్తో రాసేవాడి అరచెయ్యి సిరాకి ముందు నడుస్తుంది. ఎడంచేత్తో రాస్తే వెనకాలే వస్తుంది, తడి సిరాని తుడుచుకుంటూ వస్తుంది" అన్నాడు జలగ. "ఈ సంతకం ఎడంచేత్తో పెట్టింది. అక్కా, మీవారి కుడిచేతికి కట్టు ఎప్పుడు కట్టారు?"

"మంటయిన రోజు. ఇరవయ్యిన."

"ఎప్పుడు విప్పారు?"

"ఈ నెల అయిదున."

"అంటే ఇత్తడి కుళాయి వచ్చిన ఇరవైరెండుకీ, కట్టు విప్పిన అయిదుకీ మధ్య ఈ సంతకం పడింది. నీళ్లూ అప్పుడే పట్టారు. అవి మంటొచ్చిన తర్వాతి నీళ్లు. అయిదు నెలల పాత తారీఖు వేసి 'ముందే ఉంది' అంటున్నారు. ఏమండీ, ఎవరొచ్చి పెట్టించుకున్నారు?"

మొగుడుగారి మొహం మీద ఇప్పుడు కనుబొమలు లేవు. రెండు నల్లటి కాలవలు మాత్రం చెంపల మీదుగా గడ్డం చేరుతున్నాయి.

"ఆయనే" అని మడతపేచీని చూపించాడు.

"ఎందుకు పెట్టావయ్యా?" అంది యజమానురాలు. గొంతు పెద్దగా లేదు. అదే భయంగా ఉంది.

"నీకు చెప్పేస్తానన్నాడే."

"ఏమని?"

"బల్బు కాదే. బావిగదిలో... రోజూ సాయంత్రం ఒక్కటంటే ఒక్కటి... సిగరెట్టు."

యజమానురాలు నడుం మీంచి చేతులు తీసింది.

"పదకొండేళ్ల కిందట మానేశానని నా నెత్తి మీద చెయ్యిపెట్టి చెప్పావు" అంది ఆవిడ.

"చెప్పాను. తర్వాత నీ నెత్తికేమవుతుందోనని దిగులేసి బావిగదిలోకి మారాను. ఆయన పీకలు ఏరి కవరులో పెట్టుకున్నాడు. సంతకం పెట్టకపోతే మీ ఆవిడకి చూపిస్తానన్నాడు. ఏం రాసుందో కూడా చదవలేదే నేను."

"కంపెనీ ముందు లాండ్రీ పోయినా పరవాలేదు, నా ముందు పీక కనబడకూడదు. అంతేనా?"

"నువ్వు కంపెనీ కంటే..." అని ఆపేశాడు. పూర్తిచేస్తే ఏమవుతుందో అతనికే తెలుసు.

ఆవిడ దగ్గరికొచ్చింది. చెయ్యెత్తింది. జలగ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆవిడ చీరకొంగుతో మొగుడి చెంపల మీది నలుపు తుడుస్తోంది. "కనుబొమలతో పోయింది" అంది. "మనిషే పోయుంటే నేనెవరికి గీసేదాన్ని?" అని ముక్కు ఎగబీల్చింది. ఆ వెంటనే, "దీని సంగతి ఇంట్లో తేలుస్తాను" అని కూడా అంది. జలగకి మొదటి మాట కంటే రెండోదే నమ్మదగ్గదిగా అనిపించింది.

ఈ సందట్లో మడతపేచీ ఫైలు మూసి మెల్లగా గేటు వైపు నడిచాడు. నాలుగడుగులు వేశాడు, అయిదోది పడలేదు. యజమానురాలి చెయ్యి వెనకనుంచి అతని కోటు పట్టుకుంది. తడిసిన దుప్పటిని నీటిచుక్క లేకుండా పిండే చెయ్యి అది. కోటు బొత్తాలు రెండు ఎగిరి బకెట్లో పడ్డాయి. ఫైలు జారి కాగితాలు పెరడంతా పరుచుకున్నాయి.

"అవి కంపెనీ రహస్య పత్రాలు! ముట్టుకోకండి!"

"నేను ముట్టుకోవడం లేదు నాయనా, చదువుతున్నాను" అంది వదిన, కళ్లజోడు సవరించుకుని ఒక కాగితం మీదికి వంగి. చదువుతున్నకొద్దీ ఆవిడ మొహంలో వేళాకోళం పోయింది.

"మరిదీ. ఇరవైరెండు బావుల జాబితా ఇది. అన్నిటికీ అయిదు నెలల కిందటి తారీఖే సిరాతో. పక్కన అసలు తారీఖు, గ్యాసు లెక్క పెన్సిలుతో. అన్నీ ఈ మూడు వారాల్లో పట్టినవే. లీటరుకి పది మిల్లీగ్రాములు దాటితే కన్నేసి ఉంచాలి. ఇరవై ఎనిమిది దాటితే ఆ ఇంట్లో అగ్గిపుల్ల గియ్యకూడదు. ఈ లాండ్రీది ముప్పై ఒకటి." ఆవిడ తలెత్తి మడతపేచీని చూసింది. "ఇందులో నలభై ఆరు కూడా ఉంది. ఆ ఇంటివాళ్లకి చెప్పారా?"

"నాకు అంకెలతో సంబంధం లేదండీ" అన్నాడు మడతపేచీ, కోటు సర్దుకుంటూ. "నా పని సంతకాలు తేవడం. అంకెలు ఆఫీసులో చూసుకుంటారు."

"పదిహేడో నెంబరు. రొట్టెల బట్టీ. గడియారం మేడ వెనక వీధి. లెక్క నలభై ఆరు. చివరి గడిలో రాసుంది: ఇనప మూత, వెల్డింగ్, ఇవాళ నాలుగు గంటలు" అని వదిన చదివింది.

"వెల్డింగా?" అన్నాడు జలగ.

"మళ్లీ ఎవరూ నీళ్లు పట్టి పరీక్ష చెయ్యకుండా బావులకి మూతలు అతికిస్తున్నారు. నలభై ఆరు లెక్కున్న బావి మీద నిప్పురవ్వలు!"

మడతపేచీ కాగితం లాక్కున్నాడు. పదిహేడో వరుస చదివాడు. మళ్లీ చదివాడు. సూటు మడత నలగని ఆ మనిషి ఉన్నవాడు ఉన్నట్టే గచ్చు మీద కూలబడ్డాడు.

"అది మా చెల్లెలి బట్టీ" అన్నాడు.

"నీ చెల్లెలి బావి జాబితాలో ఉందని నీకే తెలియదా?"

"మాకు మాటల్లేవు, రెండేళ్లయింది. ఆ వీధి సంతకాలకి వేరేవాణ్ణి పంపాను."

టైము మూడూ నలభై రెండు. మడతపేచీ చెల్లెలికి ఫోన్ చేశాడు. కట్. మళ్లీ చేశాడు. కట్. మూడోసారి చేస్తే, ఈ నెంబరు ఇక కలవదని యంత్రం చెప్పింది. జలగ తన ఫోన్లోంచి చేశాడు.

"ఎవరూ?" అంది ఒక ఆడగొంతు.

"అమ్మా, మీ బావి దగ్గర వెల్డింగ్ పని..."

"ఆ, కంపెనీవాళ్లు ఉచితంగా మూత వేయిస్తున్నారు. నేను లేనండీ, పిండి తేవడానికి గోదాముకొచ్చాను. వెల్డరు ఒక్కడే ఉన్నాడు. మూడింటికి కరెంటు పోయింది, నాలుగింటికి వస్తుందట. రాగానే అతికించేస్తానన్నాడు. ఎందుకూ?"

"అతని ఫోన్ నెంబరుందా?"

"నా దగ్గరెందుకుంటుంది? అసలు మీరెవరు? మా అన్నయ్య చేయిస్తున్నాడా?"

మిగతా సంగతి చెప్పే పని వదినకి అప్పగించి, జలగ మడతపేచీని రెక్క పట్టుకుని లేపాడు. "కారు నీదేగా? తియ్యి!"

తొమ్మిదేళ్ల తర్వాత ఇద్దరూ ఒకే కార్లో కూర్చున్నారు. వెనకసీట్లో వదిన ఒళ్లో ఐసుపెట్టె, చెవి దగ్గర ఫోను. మడతపేచీ రెండు కూడళ్ల దగ్గర ఎర్రదీపం దాటాడు. ఒకవైపే వెళ్లాల్సిన వీధిలోకి ఎదురు దూరాడు.

"కాస్త చూసుకో! అక్కడికి చేరాలి మనం."

"నా చెల్లెలి వెల్లుల్లి రొట్టె గురించి నేను అనకూడని మాటన్నాను జలగా. నలుగుర్లో. అందుకే మాటల్లేవు."

"ఏమన్నావు?"

"దానికంటే చెప్పుల అడుగు బావుందన్నాను."

ఇంకో సందర్భంలోనైతే జలగ పడీపడీ నవ్వేవాడు. ఇప్పుడు గడియారం చూశాడు. మూడూ యాభై ఆరు.

బట్టీ వెనక గదికి అడ్డంగా పిండిబస్తాలున్నాయి. వాటి మీదుగా మడతపేచీ సూటుతోసహా ఎగిరి దూకాడు, తెల్లగా లేచాడు, పరిగెత్తాడు. గదిలో బావి మీద ఇనప మూత పెట్టి ఉంది. దాని పక్కన వెల్డరు చతికిలబడి, మొహానికి ముసుగు దించుకుని, చేతిలో వెల్డింగ్ కడ్డీ పట్టుకుని కరెంటు కోసం ఎదురుచూస్తూ కునుకు తీస్తున్నాడు. మడతపేచీ కడ్డీ లాక్కుని గదవతలికి విసిరాడు. జలగ వెల్డింగ్ యంత్రం తీగ గోడలోంచి పీకేశాడు. వదిన యంత్రం మూత అంచు దగ్గర పెట్టగానే కీచుమంటూ ఆగకుండా అరిచింది.

"బయటికి. అందరూ" అంది వదిన.

వీధిలోకి వచ్చి నిలబడ్డారు. కాసేపటికి బట్టీ ముందు బల్బు వెలిగింది. నాలుగు.

మడతపేచీ గోడకానుకుని, పిండి అంటిన చేతులు చూసుకున్నాడు. జలగ రుమాలు ఇచ్చాడు.

వెల్డరుకి ఇంకా ఏమీ అర్థంకాలేదు. ముసుగు ఎత్తి, కోపంగా మడతపేచీని ఎగాదిగా చూశాడు. "ఇదేం న్యాయం బాబూ? ఆర్డరు మీరే ఇస్తారు, మీరే వచ్చి లాగేసుకుంటారు."

"నేనెప్పుడిచ్చాను?"

వెల్డరు జేబులోంచి కాగితం తీసి విప్పాడు. పదిహేడో నెంబరు బావి, ఇనప మూత, వెల్డింగ్. కింద మడతపేచీ సంతకం. గుండ్రంగా, ముందుకి వాలి, శుభ్రంగా ఉంది.

మడతపేచీ కాగితం అందుకున్నాడు. "పోయినవారం ఆఫీసులో ఒక కట్ట ఇచ్చారు. భోజనానికి వెళ్లే తొందరలో అన్నిటి మీదా పెట్టేశాను" అన్నాడు. "చదవలేదు."

"రేపు పదకొండింటికి ఈ మాట చెబుతావా?" అన్నాడు జలగ.

మడతపేచీ తలూపాడు. మొదటిసారి పేచీ పెట్టకుండా.

ఆ తలూపుతోనే జలగ కేసు గెలిచేశాననుకున్నాడు. ఈల వెయ్యబోయి పెదాలు కూడా చుట్టాడు. ఇంతలో వదిన వెల్డరుని అడిగింది. "కట్టలో కాగితాలన్నీ నీకే ఇచ్చారా నాయనా?"

"లేదండీ. ఈ మధ్యాహ్నానికి రెండే. ఇదొకటి నాకు, ఇరవైరెండోది మా తమ్ముడికి."

వదిన తనవెంట తెచ్చిన జాబితా విప్పి, ఇందాక చూడని వెనకవైపు చివరి వరుస మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగిపోయింది. "సినిమాహాలు. బావి తెర వెనక గదిలో ఉంది. లెక్క అరవై ఒకటి."

"మ్యాట్నీ ఇంకా వదిలుండరు" అన్నాడు మడతపేచీ.

"అక్కడా ఇప్పుడేగా కరెంటు వచ్చేది? దగ్గరే, వెంటనే బయల్దేరితే అందుకుంటాం!" అని జలగ అప్పటికే కారు తలుపు తీశాడు.

వెల్డరు తల అడ్డంగా ఊపాడు.

"మా తమ్ముడు కరెంటు కోసం ఆగడండీ. వాడికి సొంత జనరేటరుంది."